బొమ్మల పుస్తకం రాద్దాం – మూడవ పాఠం: అలుగు కన్న కల

కిందటి పాఠంలో ఒక జంతువును ఎంచుకుని, దాని గురించి చదివి, వీలైతే కళ్లారా చూసి, తెలిసినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఆ నోటుబుక్కు ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో ఆ జంతువుకు ఒక పెద్ద కల ఇస్తాం. ఆ కలను 32 పేజీల్లోకి పంచుతాం.

మొదటిసారి రాసేవాళ్లకు ముందుగా తట్టే కల ఎగరడం. ఏనుగు ఎగరాలనుకుంటుంది, గాడిద ఎగరాలనుకుంటుంది, కప్ప చందమామ మీదికి గెంతాలనుకుంటుంది. మీకూ అదే తట్టి ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. కథలో ఏనుగును తీసేసి గాడిదను పెట్టండి. కథ ఏమీ మారకపోతే ఆ కల ఏనుగుది కాదు, మీరు బయటి నుంచి తెచ్చి దాని మెడలో వేసినది. ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఒక్కటే: కల జంతువు ఒంట్లోంచి పుట్టాలి. దాని ముక్కులోంచి, కాళ్లలోంచి, భయంలోంచి, అది నిద్రలేచే వేళలోంచి.

నేను ఎంచుకున్నది అలుగు, ఇంగ్లీషులో పాంగోలిన్ అనే పొలుసుల జంతువు. నల్లమల వంటి అడవుల్లో ఉంటుంది కానీ అడవి పక్క ఊళ్లవాళ్లలో కూడా దాన్ని చూసినవాళ్లు తక్కువే. పొలుసుల కోసం దొంగచాటుగా పట్టి అమ్మేవాళ్ల వల్ల దానికి పెద్ద ముప్పు వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుతోంది. ఇలాంటి జంతువును ఎంచుకున్నవాళ్లు దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లవద్దు. చదివి, ఫోటోలు, వీడియోలు చూసి తెలుసుకుంటే చాలు.

నా నోటుబుక్కులో అలుగు గురించి ఉన్నవి ఇవి. పగలంతా బొరియలో పడుకుంటుంది, రాత్రి బయటికి వస్తుంది. పళ్లు లేవు. పొడవాటి జిగురు నాలుకతో చీమలను, చెదలను నాకి తింటుంది. ముందుకాళ్ల గోళ్లతో పుట్టలు తవ్వుతుంది. ఒంటి నిండా పొలుసులు. అవి మన గోళ్లు తయారైన పదార్థంతోనే తయారవుతాయి. పిల్ల తల్లి తోక మొదట్లో ఎక్కి కూర్చుని తిరుగుతుంది. చూపు మందం, ముక్కు చురుకు. భయం వేస్తే తలను పొట్టలోకి దూర్చి, తోకను చుట్టూ కప్పుకుని, బంతిలా ముడుచుకుంటుంది.

ఇప్పుడు ఈ అలుగు దేని గురించి కల కనాలి?

నా మొదటి ప్రతిలో అది కొండెక్కి సూర్యోదయం చూడాలనుకుంది. పగలు పడుకునే జంతువు కాబట్టి బాగానే కుదిరిందనుకున్నాను. రెండు నెలలు ఆ ప్రతితో కుస్తీ పట్టాను, కథ కదలలేదు. చివరికి నోటుబుక్కు మళ్లీ తెరిస్తే కారణం దొరికింది. చూపు మందమని నా చేత్తో నేనే రాసుకుని, సూర్యోదయం చూడాలన్న కోరికను దానికి అంటగట్టాను. రంగుల ఆకాశం మీద మోజు నాది. అలుగు లోకమంతా వాసనల్లో ఉంటుంది. అప్పుడు మన భాషే చెయ్యి అందించింది. తెలుగులో వాసనను కూడా ‘చూస్తాం’. రుచి చూస్తాం, వాసన చూస్తాం. ‘సూర్యుణ్ణి చూడాలి’ అన్న వాక్యంలో ఒక్క మాట చేర్చాను: ‘సూర్యుడి వాసన చూడాలి.’

అంతే, కథ లేచి నడిచింది. సూర్యుడికి వాసన ఉంటుందా? ఉంటే ఎలా ఉంటుంది? నాలుగేళ్ల పిల్లలు ఈ ప్రశ్న అడగగలరు. పెద్దవాళ్లు వెంటనే జవాబు చెప్పలేరు. మీ కలకు ఈ గుణం ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడ పాత కథల గురించి ఒక మాట చెప్పాలి. మనం పెరిగిన కథల్లో పెద్ద కోరిక కోరిన జంతువుకు మంచి జరగడం అరుదు. నెమలి ఈకలు తగిలించుకున్న కాకి రెండు గుంపులకూ చెడుతుంది. ఎద్దంత కావాలని ఊపిరి బిగించిన కప్ప పగిలిపోతుంది. పంచతంత్రంలో హంసలు మోసుకెళ్లే తాబేలు ఆకాశం దాకా వెళ్లి, నోరు తెరిచి కింద పడుతుంది. ఆ కథల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ తాబేలు పైనుంచి కిందికి చూసినప్పుడు దానికి ఏమి కనిపించిందో నాకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు నేను తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. ఈ రకం బొమ్మల పుస్తకం ఆ క్షణం దగ్గర ఆగి, పిల్లవాడి చేయి పట్టుకుని కిందికి చూపించాలి.

పక్క పాత్రలకూ అదే సూత్రం. అలుగు ఎవరిని అడుగుతుంది? రాత్రి తిరిగే జంతువులనే. గుడ్లగూబను అడిగితే ‘అప్పటికి నాకు నిద్ర ముంచుకొస్తుంది’ అంటుంది. ముళ్లపంది ‘తవ్విన దుంప వాసన’ అంటుంది. ఎలుగుబంటి మామ మాత్రం ‘ఇప్పపువ్వు వాసన’ అని ఖాయంగా చెబుతాడు. ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి, వాటిని ఏరుకు తినడం ఎలుగుబంటికి ఇష్టం. కాబట్టి దాని దృష్టిలో అది అబద్ధం కాదు. ఎవరి జవాబు వాళ్ల కడుపులోంచి వచ్చింది. పిల్లలకు ఇది నవ్వు తెప్పిస్తుంది, మనం విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక పేజీలు. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో వస్తాయి, మన దగ్గర 16, 24 పేజీలవీ ఉంటాయి. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెడతారు కాబట్టి పేజీలు ఎనిమిదేసి, పదహారేసి లెక్కన వస్తాయి. 29 పేజీల పుస్తకం తయారుచేసుకుని వెళితే మూడు పేజీలు ఖాళీగా మిగులుతాయి.

ఎనిమిది ఎ4 కాగితాలు తీసుకోండి. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. మడత మీద రెండు పిన్నులు కొట్టండి. 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారైంది. ప్రతి పేజీకి అంకె వెయ్యండి. 1 పేరు పేజీ, 2 ప్రచురణ వివరాలు. కథ 3వ పేజీలో కుడివైపున మొదలవుతుంది. అక్కడి నుంచి 4–5 మొదలుకుని 30–31 దాకా ఎదురెదురు పేజీల జతలు పద్నాలుగు, చివర ఒంటరిగా 32. మీ కథకు ఉన్న చోటు ఇంతే. 16–17 జతను చూడండి, అక్కడ పిన్నులు కనిపిస్తాయి. ఆ రెండు పేజీలూ ఒకే కాగితం, మధ్యలో అతుకు లేదు. పుస్తకంలో అన్నిటికంటే విశాలమైన బొమ్మను అక్కడ పెట్టుకోవచ్చు. నేను అక్కడ వెన్నెల్లో కొండను, దాని మీద గోరంత అలుగును పెట్టాను.

పేజీ తిప్పడం ఈ కళలో సగం. కుడి పేజీలో ప్రశ్న పుట్టాలి, తిప్పాక జవాబు కనిపించాలి. నా డమ్మీలో 22–23 పేజీల్లో అలుగు కొండ కొసకు చేరింది. తూర్పు ఎర్రబడింది. అది ముక్కు పైకెత్తింది. 23వ పేజీ అడుగున నెమలి కేక పెట్టింది. పేజీ తిప్పితే 24–25లో ఒక్క మాట కూడా లేదు. రాతి మీద ఒక బంతి, అంతే.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే కథ మొత్తం ఈ బంతి చుట్టూనే తిరుగుతుంది. సూర్యుడు వచ్చేశాడు. ఇన్నాళ్లు కల కన్న వాసన బయట ఉంది, అలుగు ముక్కు లోపల ఉంది. దాన్ని కాపాడే ముడుచుకోవడమే దాని కలకు అడ్డం. దారికి అడ్డంగా రాయిని, తోడేలును పెట్టవద్దని నేను చెప్పేది ఇందుకే. అడ్డం కూడా జంతువు ఒంట్లోనే దొరకాలి. 26–27లో నెమలి దిగి వచ్చి అడుగుతుంది: ‘అలుగు అలిగిందా?’ ఈ చమత్కారం తెలుగులో తప్ప కుదరదు. మన జంతువుల పేర్లను ఒకసారి నోట్లో వేసుకుని చప్పరించండి, ఇలాంటివి ఇంకా దొరుకుతాయి.

28–29లో ఎండ పొలుసులకు తగులుతుంది. ఒక్కొక్కటీ వెచ్చబడుతుంది. అలుగు నెమ్మదిగా విచ్చుకుంటుంది. 30–31లో ముక్కు బయటికి వస్తుంది. అప్పుడు దానికి తగిలే వాసన ఏమిటన్నది నాకు పదిహేను రోజులు తోచలేదు. పువ్వు అయితే ఎలుగుబంటి మామ గెలిచినట్టు అవుతుంది. చివరికి ఇలా రాశాను:

‘పుట్టమన్ను వాసన. రోజూ చూసే వాసనే. కానీ వెచ్చగా ఉంది.’

రాత్రిళ్లు చల్లటి పుట్టలే తవ్వే జంతువుకు ఇంతకంటే పెద్ద అద్భుతం నేను ఇవ్వలేకపోయాను.

మాటల విషయంలో మూడు సంగతులు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలకు అయిదు వందల మాటలు హద్దు అంటుంటారు. తెలుగులో విభక్తులు, క్రియలు అతుక్కుని ఒకే మాటగా వస్తాయి కాబట్టి మూడు వందలు దాటితే బరువే. రెండవది, జంతువుకు ‘వచ్చింది, చూసింది’ అనే వాడండి. మన భాషలో అది ఆడపిల్లకూ, జంతువుకూ సరిపోయే రూపం. ‘వచ్చాడు’ అనగానే అలుగు మగపిల్లాడైపోతుంది. ‘వచ్చింది’ అంటే వినే పిల్లలెవరైనా అందులో దూరవచ్చు. ఎలుగుబంటి మామ లాంటి వరసలకు మాత్రం ‘అన్నాడు’ అంటేనే అందం. మూడవది, బొమ్మ చెప్పేదాన్ని మాట చెప్పకూడదు. నా ప్రతిలో ‘నల్లటి రాత్రి, మెరిసే చుక్కల కింద గోధుమరంగు అలుగు బొరియలోంచి బయటికి వచ్చింది’ అని ఉండేది. రాత్రి, చుక్కలు, రంగు, బొరియ అన్నీ చిత్రకారుడి పని. వాటిని కొట్టేస్తే మిగిలినది ‘అలుగు బయటికి వచ్చింది. ముక్కు ముందు వచ్చింది.’ రెండవ వాక్యం అప్పుడే పుట్టింది, చోటు దొరికింది కాబట్టి.

ఈ వారం పని: మీ జంతువు కలను ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో జంతువు పేరు మార్చి చదవండి. ఇంకా అర్థవంతంగానే ఉంటే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. వాక్యం నిలబడ్డాక డమ్మీ కట్టి, ప్రతి జతలో ఏమి జరుగుతుందో పెన్సిలుతో ఒక్కో వరుస రాయండి. బొమ్మలు రాకపోయినా గీతలతో, సున్నాలతో వెయ్యండి. కనీసం ఒక జతను మాటలు లేకుండా వదలండి. తరవాత ఆ డమ్మీని ఒక పిల్లకో పిల్లాడికో చదివి వినిపించి, వాళ్లు ఏ పేజీ దగ్గర మీకంటే ముందే చెయ్యి చాచి తిప్పబోయారో ఆ పేజీ అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంచండి. వచ్చే పాఠాన్ని ఆ పేజీతో మొదలుపెడతాం.