కెటిల్‌బెల్ కొనేముందు పిడి తడిమి చూడండి
కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న గుండులాంటి వ్యాయామపు బరువు) కొనేటప్పుడు అందరూ బరువే చూస్తారు, పిడి సంగతి పట్టించుకోరు. పిడిలో రెండు చేతులూ ఇరుక్కోకుండా పట్టాలి. పిడి లోపలివైపు వేలితో తడమండి. అతుకు గరుకుగా తగిలితే వద్దు, నాలుగు రోజుల్లో అరచేతులు బొబ్బలెక్కుతాయి. కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకు 8, మగవాళ్లకు 12 నుంచి 16 కిలోలు మామూలుగా సరిపోతాయి.

స్వింగ్‌లో, అంటే బెల్‌ను కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపే కసరత్తులో, చేతులతో ఎత్తకండి. వెన్ను గుండ్రంగా వంగనివ్వకుండా తుంటిని వెనక్కి నెట్టి, ఒక్క ఊపున ముందుకు తీసుకురండి. బెల్ దానంతటదే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు తొడల పైభాగానికి దగ్గరగానే వెనక్కి పోవాలి. మోకాళ్ల కిందికి జారితే భారమంతా నడుము మీదే. చెమటకు పట్టు తప్పుతోందనిపిస్తే వెంటనే ఆపేయండి. మెత్తటి సోల్ బూట్లకంటే వట్టికాళ్లు నయం. ఎదురుగా ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, ఉండకూడదు.