హోమ్‌స్కూల్ లాంగ్వేజ్ ఆర్ట్స్: మా అబ్బాయికి చివరికి కుదిరిన పద్ధతి

మేం టెక్సాస్‌లో ఉంటున్నాం, మా అబ్బాయికి బడికి పంపకుండా ఇంట్లోనే లాంగ్వేజ్ ఆర్ట్స్ (ఇంగ్లీష్ చదవడం, రాయడం) నేర్పుతున్నాం. వాడికి ఎనిమిదేళ్లు. కథల పుస్తకాలు గడగడా చదువుతాడు, రెండు వాక్యాలు రాయమంటే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. మూడో గ్రేడ్ (తరగతి) ఆల్-ఇన్-వన్ సెట్ (చదవడం, రాయడం అన్నీ కలిపి ఉండే పుస్తకాలు), తర్వాత రెండో గ్రేడ్ సెట్, ఒక యాప్, రోజూ డైరీ... ఏదీ పనిచేయలేదు.

ఇక్కడి హోమ్‌స్కూల్ నిబంధనలో రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్ విడివిడిగానే ఉంటాయి. నేనూ అలాగే విడదీసి చూశాను. ముందు లైబ్రరీ పుస్తకంలో ఒక పేజీ పైకి చదివించాను. ఎక్కడా తడబడలేదు. తర్వాత చిన్న వాక్యాలు డిక్టేషన్ చెప్పాను. తప్పులన్నీ దాదాపు ఒకేచోట: చివర పలకని ఇంగ్లీష్ 'ఈ' (e) ఉన్న మాటలు, 'రెయిన్', 'బోట్' లాంటి జంట అచ్చుల మాటలు. చివరగా వాడు నోటితో కథ చెబుతుంటే నేను రాసుకున్నాను. ఎంత చక్కగా చెప్పాడో! అడ్డుపడుతున్నవి స్పెల్లింగ్, చేతిరాత, అంతే.

దాంతో రీడింగ్‌కి ఏమీ కొనలేదు, లైబ్రరీయే. స్పెల్లింగ్‌కి ఫోనిక్స్ పద్ధతిలో (ఏ శబ్దానికి ఏ అక్షరాలో నేర్పుతూ) నడిచేది, ఏ లెవెల్‌లో మొదలుపెట్టాలో చెప్పే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉన్నది చూసి, గ్రేడ్ పట్టించుకోకుండా టెస్ట్‌లో వచ్చిన లెవెల్ కొన్నాను. రైటింగ్‌కి వాడు చెబుతాడు, నేను రాస్తాను. అందులో రెండు వాక్యాలు చూసి రాస్తాడు. మర్నాడు అవే డిక్టేషన్. ఈ మర్నాటి డిక్టేషన్ మానకండి, మాకు తేడా కనిపించింది అక్కడే. గ్రామర్ కూడా ఆ వాక్యాల్లోనే. ఇప్పుడు టెన్షన్ లేకుండా అరపేజీ రాస్తున్నాడు.

చదవడమే కష్టంగా ఉన్న పిల్లలకు ఇది సరిపోకపోవచ్చు. డిస్లెక్సియా (పదాలు చదవడంలో, స్పెల్లింగ్‌లో ఇబ్బంది పెట్టే సమస్య) అనుమానం ఉంటే ముందు నిపుణులకు చూపించండి. మా పాపకి ఇదే కుదురుతుందో లేదో నాకింకా తెలీదు.