శుభలేఖ కవరు దగ్గర వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

శుభలేఖ లోపలి అచ్చును ఇంటిల్లిపాదీ పదేపదే చదివి దిద్దుతారు. కవరు మీద రాతను మాత్రం ఆఖరి రాత్రి, చేతిరాత కాస్త కుదురుగా ఉన్న ఏ మేనల్లుడికో అప్పగించి ఊరుకుంటారు. గోదావరి డెల్టాలో పెళ్ళిపిలుపుల మీద రేగే అలకలకూ, తిరిగొచ్చే తపాలాకూ మూలం చాలావరకు ఆ రాతలోనో, దానికి ముందు వేసిన జాబితాలోనో దొరుకుతుంది.

సమస్య: పత్రిక అందింది, కానీ ఆ ఇంటి పెద్దాయన ఒక్కరే వచ్చారు, కొడుకులూ కోడళ్ళూ రాలేదు.

లోపల "సకుటుంబ సపరివార సమేతంగా" అని అచ్చు వేయించినా, కవరు మీద తండ్రి పేరు ఒక్కటే ఉంటే, పై అంతస్తులో వేరు కాపురం ఉంటున్న పెద్దకొడుకు అది తనకు వచ్చిన పిలుపుగా లెక్కపెట్టడు. ఇక కోడలి పుట్టింటివారు మనకు కూడా బంధువులే అయితే చిక్కు రెండింతలవుతుంది. కారణం జాబితాలోనే ఉంది. చాలామంది పాత పెళ్ళినాటి నోటుపుస్తకాన్ని ఎత్తిరాసుకుంటారు. అప్పటికి ఒక్కటిగా ఉన్న ఇల్లు ఈలోగా మూడు కాపురాలైన సంగతి అందులో ఉండదు.

కుంపటికి ఒక కవరు అన్నదే ఇక్కడ పనికొచ్చే లెక్క. ఒకే ఇంట్లో ఉన్నా వంట వేరైతే కవరు వేరు. వంట ఒకటే అయితే పెద్దవారి పేరు రాసి, దాని కింద "మరియు కుటుంబ సభ్యులకు" అని చేర్చాలి. జాబితాను వీధుల వారీగా కాకుండా కాపురాల వారీగా తిరగరాసి, రెండు వైపుల ఆడపడుచుల చేత ఒకసారి చదివించడం మంచిది, ఎందుకంటే ఎవరు వేరుపడ్డారో, ఎవరు హైదరాబాదు వెళ్ళిపోయారో, ఎవరింట్లో పెద్దాయన పోయారో వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు. పోయినవారి పేరుతో పత్రిక వెళ్ళడం కంటే నొప్పించే పొరపాటు ఈ వ్యవహారంలో మరొకటి లేదు. అది జరిగిపోతే ఫోనులో సర్దిచెప్పే ప్రయత్నం చేయకుండా, కొత్త కవరుతో ఇంటికి వెళ్ళి ఆ ఇల్లాలి పేరున ఇవ్వాలి.

ఇంట్లో మైల ఉన్నవారికి పసుపు రాసిన పత్రిక ఆ రోజుల్లో ఇవ్వకూడదు. వారి కవరును విడిగా పెట్టి, పెద్దకర్మ అయ్యాక స్వయంగా తీసుకువెళ్ళాలి.

సమస్య: మేనమామగారు పత్రిక అందుకున్నారు, అయినా "మమ్మల్ని పిలవలేదు" అంటున్నారు.

ఆయన అంటున్నది నిజమే. మేనమామలు, మేనత్తలు, ఆడపడుచులు, వియ్యాలవారు, ఇరుగుపొరుగు, వీరెవరికీ పోస్టులో గానీ కొరియరులో గానీ వచ్చిన కవరు పిలుపు కిందకు రాదు. కుంకుమభరిణె పట్టుకువెళ్ళి, ఇల్లాలికి బొట్టుపెట్టి, ఇంట్లో ఉన్న ప్రతివారినీ పేరుపేరునా పిలిస్తేనే పిలిచినట్టు. వాట్సాప్‌లో పంపిన బొమ్మ గురించి చెప్పనక్కరలేదు. పరిష్కారంగా జాబితాను మొదటే మూడుగా విడగొట్టాలి: బొట్టుపెట్టి పిలవవలసినవారు, చేతికి ఇస్తే సరిపోయేవారు, తపాలాలో పంపవలసినవారు. దూరాన ఉన్న మేనమామకు పోస్టు తప్పకపోతే ముందు పెళ్ళికూతురి లేదా పెళ్ళికొడుకు తల్లిదండ్రులు ఇద్దరూ ఫోనులో పిలిచి, "పత్రిక వెనకాల వస్తోంది" అని చెప్పాలి. కవరు ముందు చేరి పిలుపు తరువాత అందితే వరస తప్పినట్టే.

సమస్య: పేరు ముందూ వెనకా పెట్టిన గౌరవపదాల మీద ఆక్షేపణ వచ్చింది.

పాత పత్రికలు చూసి రాసేవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. "మ.రా.రా.శ్రీ" (మహారాజరాజశ్రీ) ఇప్పుడు ఎవరూ రాయడం లేదు, రాసినా నవ్వుకుంటారే తప్ప బాధపడరు. భర్తను కోల్పోయిన స్త్రీ పేరు ముందు "గం.భా.స." (గంగాభాగీరథీ సమానురాలు) అని రాసే అలవాటు మాత్రం మానుకోవలసిందే, "శ్రీమతి" అని రాసి, పేరు తరువాత "గారికి" అంటే చాలు. దంపతులకు రాసేటప్పుడు భార్య పేరు తెలిస్తే ఇద్దరి పేర్లూ రాయడం ఉత్తమం, తెలియకపోతే "శ్రీ ఫలానా గారి దంపతులకు" అనవచ్చు. "చి." అన్నది మన ఇంటి పిల్లలకే; వయసులో చిన్నవాడైనా అల్లుడికి "శ్రీ", "గారు" పెట్టడమే ఈ ప్రాంతపు మర్యాద.

సమస్య: కవరు తిరిగి వచ్చింది, లేదా వేరే ఊరు చేరింది.

దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది, ఒకే పేరున్న ఊళ్ళు. కోనసీమలోని పి. గన్నవరానికి ముందున్న అక్షరం వదిలేస్తే కవరు కృష్ణా జిల్లా గన్నవరం వైపు పోవచ్చు, ఐ. పోలవరానికి, ప్రాజెక్టు కడుతున్న పోలవరానికి మధ్య ఉన్న తేడా కూడా ఆ ఒక్క అక్షరమే. పాలకొల్లు దగ్గర ఒక యలమంచిలి, విశాఖ వైపు మరొక యలమంచిలి ఉన్నాయి. వాసవీ అమ్మవారి పెనుగొండను రాయలసీమలోని పెనుకొండగా రాసేవారూ ఉన్నారు.

రెండవది, జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి గానీ పిన్‌కోడులు మారలేదు. అందువల్ల అమలాపురం కోనసీమ జిల్లాలో ఉన్నా దాని పిన్ 533201గానే ఉంది. కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నా, దాని పిన్ పాత పశ్చిమ గోదావరి వరసలోని 534తోనే మొదలవుతుంది. ఈ రెంటికీ పొంతన లేదని పిన్‌ను "సరిదిద్దితే" కవరు తప్పుదారి పడుతుంది. యానాం సంగతి మరీ విచిత్రం: పిన్ 533464 అయినా రాష్ట్రం స్థానంలో పుదుచ్చేరి అని రాయాలి.

మూడవది, మనుషుల పేర్లు. అన్నవరం సత్యదేవుడి పేరు పెట్టుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ పలువురు ఉండే ప్రాంతం ఇది. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి "సత్యనారాయణ గారు" అని రాస్తే పోస్టుమాన్‌కు అందులో ఆధారమేమీ ఉండదు. ఇంటిపేరు పూర్తిగా, తండ్రిపేరు, డోరు నంబరు లేకపోతే "రామాలయం వీధి" వంటి గుర్తు, గ్రామం, పోస్టాఫీసు ఉన్న ఊరు, మండలం, జిల్లా, పిన్ ఈ వరసలో రాయాలి. ఇతర రాష్ట్రాలకు వెళ్ళే కవరు మీద చిరునామా ఇంగ్లీషులోనూ ఉండాలి. వెనకవైపు పంపినవారి చిరునామా లేకపోతే, చేరని కవరు మళ్ళీ మన ఇంటికి వచ్చే దారి కూడా ఉండదు. రిజిస్టరు చేయిద్దామని వెళ్ళేవారు 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిందని గమనించాలి.

సమస్య: ఇంకు అలుక్కుపోయింది, పసుపు పాకింది, కవర్లు ఒకదానికొకటి అంటుకున్నాయి.

మెరుపు పూత ఉన్న కాగితం ఇంకును పీల్చదు గనుక జెల్ పెన్నుతో రాసింది చేయి తగలగానే చెరుగుతుంది. వంద కవర్లు రాయబోయే ముందు ఒక మిగులు కవరు మీద రాసి, కాసేపాగి బొటనవేలితో రుద్ది చూడాలి. చెరిగితే పర్మనెంటు మార్కరు వాడాలి. ముదురు ఎరుపు కవర్లకు తెల్ల కాగితం చీటీ అంటించి దాని మీద రాయడం తప్ప వేరే దారి లేదు. తపాలాలో వెళ్ళేవాటికి ప్రెస్సువారిని అడిగి లేతరంగు కవర్లు కొన్ని వేరుగా తీసుకుంటే ఈ బాధే ఉండదు.

పసుపును నీటిలో పలచగా కలిపి నాలుగు మూలలా రాస్తే తడి చిరునామా దాకా పాకుతుంది, పైగా కుడి పై మూల స్టాంపుకు చోటు. కాబట్టి ముందు చిరునామా రాసి ఆరనిచ్చి, ఆ తరువాత గట్టిగా కలిపిన పసుపును వేలికొసతో అద్దాలి. తపాలా కవర్లకైతే పసుపు, కుంకుమ లోపలి కార్డుకే పెట్టి, అది ఆరాక కవరులో ఉంచాలి.

అంటుకోవడానికి కారణం వాతావరణం. శ్రావణ ముహూర్తాలకు కార్డులు ఆషాఢంలోనే అచ్చవుతాయి, అప్పుడు డెల్టాలో ముసురు. ఫ్లాపు మీది జిగురు గాలిలోని తేమకే కరిగి పట్టేస్తుంది. కవర్లను ఫ్లాపులు తెరిచి, నేలకూ గోడకూ తగలకుండా బీరువాలో పెట్టాలి. అంటుకున్నవాటిని ఆవిరికి పట్టి విడదీస్తే కాగితం ముడతలు పడుతుంది; అంచు కోసి, కార్డు పెట్టి, చిన్న స్టిక్కరుతో మూయడమే నయం. చేతికిచ్చే కవరుకు జిగురు అక్కరలేదు, ఫ్లాపు లోపలికి మడిస్తే సరిపోతుంది.

సమస్య: పత్రిక అందుకున్నవారు పోస్టుమాన్‌కు డబ్బు కట్టవలసి వచ్చింది.

ఉత్తరం ఛార్జీ 20 గ్రాముల చొప్పున పెరుగుతుంది. రేకు వినాయకుడూ, రిబ్బనూ, అట్టపెట్టే ఉన్న కార్డు ఆ మొదటి మెట్టును సులువుగా దాటిపోతుంది. స్టాంపు తక్కువైతే ఆ బాకీని అందుకునేవారే తీర్చాలి. పూర్తిగా సిద్ధమైన ఒక కవరును పోస్టాఫీసులో తూయించిన తరువాతే స్టాంపులు కొనాలి.

సమస్య: చదివింపుల కవరు ఎవరిదో తెలియడం లేదు.

ఇది అతిథుల వైపు నుంచి వచ్చే చిక్కు. నూటపదహార్లు పెట్టి "విత్ బెస్ట్ విషెస్" అన్న అచ్చు కింద "శ్రీనివాస్" అని రాస్తే, పుస్తకం రాసే మనిషి ఏ శ్రీనివాస్ కింద జమ వేయాలి? రేపు వారింటి శుభకార్యానికి తిరిగి చదివించవలసినవారికి అది తెలియాలి గదా. కవరు మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరు, పెళ్ళికూతురి వైపో పెళ్ళికొడుకు వైపో రాయాలి. అది కూడా ఇంటి దగ్గరే రాసుకుని రావాలి, మండపంలో పెన్ను దొరకదు.