పట్టీలు చదవడం – 6వ పాఠం: రక్తం అందని గుండెకణంలో ఆటోఫజీ

గత పాఠం చివర, రక్తం ఆపి మళ్లీ పారించిన గుండెకణాల్లో ఎల్‌సీ3 అనే ప్రోటీన్ పట్టీల (దాని మోతాదును చూపే గీతల) బొమ్మ ఇచ్చి, ఆటోఫజీ (కణం తన పాత భాగాలను సంచిలో కట్టి జీర్ణం చేసుకోవడం) ఏమైందో చెప్పమన్నాను. ఆ అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలా భాగం ఒకే మాటతో ముగిశాయి: ‘రక్తం తిరిగి పారిన గుండెలో ఎల్‌సీ3-2 పెరిగింది కనుక ఆటోఫజీ పెరిగింది.’ మొదటి సగం సరైనదే. రెండో సగం ఆ బొమ్మను చూసి చెప్పగలిగేది కాదు. తప్పులో నా వాటా కూడా ఉంది, ఎందుకంటే చూడవలసిన వరుసలు (ఒక్కో నమూనాకు జెల్‌లో ఉండే దారులు) రెండు ఆ బొమ్మలో లేకుండానే మీకిచ్చాను. అందువల్ల మైటోకాండ్రియాల పాఠాన్ని వచ్చే వారానికి జరిపి, ఈ ఒక్క చిక్కునే విప్పుతాను.

ఆటోఫజీ అంటే ఏమిటో మళ్లీ చెప్పను. పట్టీల సంగతి మాత్రం గుర్తు చేయాలి. కణద్రవంలో తేలే ఎల్‌సీ3-1కు ఒక కొవ్వు అణువు అతుక్కుంటే అది ఎల్‌సీ3-2గా మారి ఆటోఫాగోజోమ్ సంచి పొరను అంటుకుంటుంది. బరువు పెరిగినా, ప్రోటీన్లను వేరుచేసే జెల్‌లో ఎల్‌సీ3-2యే ఎక్కువ వేగంగా దిగుతుంది కాబట్టి 14 కిలోడాల్టన్ల దగ్గర కనిపించే కింది పట్టీ ఎల్‌సీ3-2, 16 దగ్గరున్న పై పట్టీ ఎల్‌సీ3-1. సంచి లైసోజోమ్ అనే జీర్ణ సంచితో కలిశాక లోపలి పొర మీదున్న ఎల్‌సీ3-2 కూడా జీర్ణమైపోతుంది. మీలో చాలామంది దాటేసింది ఈ చివరి వాక్యాన్నే.

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లన్నీ నిండాయని పేపర్లో చదివితే, కొండకు భక్తులు ఎక్కువగా వచ్చారో, బ్రేక్ దర్శనాల కోసం సర్వదర్శనం వరుసను ఆపారో ఆ ఒక్క వార్తతో తేలదు. ముందున్న గేటును కాసేపు మనమే మూసి, మూయకముందు కంటే జనం ఎంత అదనంగా పేరుకున్నారో చూస్తే తేలుతుంది. వరుస అప్పటికే ఆగిపోయి ఉంటే, గేటు మూసినా మూయకపోయినా ఒకటే.

కణంలో ఆ గేటు మూసే మందు బాఫిలోమైసిన్. అది లైసోజోమ్‌లో ఆమ్లం చేరకుండా ఆపుతుంది కాబట్టి సంచులు జీర్ణం కావు. బోధన కోసం నేను వేసుకున్న అంకెలు ఇవి: మామూలు కణంలో కింది పట్టీ 1, మందు వేస్తే 3, రక్తం ఆపిన కణంలో 2, మందు వేస్తే 6, రక్తం తిరిగి పారిన కణంలో 4, మందు వేస్తే 4.2. మందు లేని వరుసలే చూస్తే మూడోదే గెలిచినట్టుంటుంది, కానీ తేడాలు తీస్తే 2, 4, 0.2 వస్తాయి. అంటే రెండో కణంలో ఆటోఫజీ ప్రవాహం (సంచులు పుట్టి జీర్ణమైపోయే వేగం) రెట్టింపైంది, మూడో కణంలో దాదాపు నిలిచిపోయింది.

రక్తం తగ్గినప్పుడు ఈ ప్రవాహం పెరగడానికి కారణం సూటిగానే ఉంది: కణానికి శక్తినిచ్చే ఏటీపీ తరిగి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరగగానే ఏఎంపీకే ఎంజైమ్ మేల్కొని, ఆటోఫజీని ఆపి ఉంచే ఎమ్‌టార్ పట్టు సడలించి, ఆటోఫజీని మొదలుపెట్టే యూఎల్‌కే1ను క్రియాశీలం చేస్తుంది. 2007లో న్యూజెర్సీ పరిశోధకులు ఎలుకల్లో రక్తం ఆగిన దశలో ఆటోఫజీ ఏఎంపీకే మీద, రక్తం తిరిగి పారే దశలో సంచులు పుట్టడానికి తోడ్పడే బెక్లిన్-1 ప్రోటీన్ మీద ఆధారపడుతుందని చూపారు. బెక్లిన్-1 జన్యువు ఒక ప్రతి లేని ఎలుకల్లో, రక్తం తిరిగి పారాక గుండెకు కలిగిన నష్టం తగ్గింది. ‘మొదట మేలు, తర్వాత కీడు’ అన్న మాటకు బలం అక్కడిదే. 2012లో సెయింట్ లూయిస్ పరిశోధకులు ప్రవాహాన్ని కొలిచి చూస్తే, ఆక్సిజన్ తిరిగి అందిన గుండెకణాల్లో లైసోజోమ్ పొరలో ఉండే ల్యాంప్-2 ప్రోటీన్ తగ్గి, బెక్లిన్-1 పెరిగి, సంచులు కరగక పేరుకుపోతున్నాయని తేలింది. బెక్లిన్-1ను కొంత తగ్గిస్తే ఆ అడ్డు తొలగి కణాల మరణం తగ్గింది. బెక్లిన్-1ను తగ్గిస్తే మేలు జరిగిందన్న ఫలితం రెండుచోట్లా ఒకటే. మొదటి పరిశోధనలో కణం తనను తాను అతిగా తినడం వల్ల చేటన్నారు, రెండోదానిలో తిన్నది అరగక చేటన్నారు. ల్యాంప్-2 పుట్టుకతోనే లోపించిన డానన్ వ్యాధిలో గుండెకణాల నిండా సంచులే ఉంటాయి, కానీ వాళ్ల ఆటోఫజీ చురుగ్గా ఉందని ఎవరూ అనరు.

నా అలవాట్లు కొన్ని చెబుతాను. ఎల్‌సీ3-2ను ఎల్‌సీ3-1తో భాగించిన నిష్పత్తిని నేను పట్టించుకోను. పై పట్టీ త్వరగా చెడిపోతుంది, యాంటీబాడీ రెండింటినీ సమానంగా పట్టదు. కింది పట్టీని, నమూనాలన్నింటిలో దాదాపు ఒకే మోతాదులో ఉండే యాక్టిన్ ప్రోటీన్‌తోనే పోలుస్తాను. ఆటోఫజీని ఆపడానికి వాడే 3-మిథైల్ అడినైన్ మందు ఒక్కదాని మీదే నిలబడిన పత్రాన్ని పక్కన పెడతాను, ఎందుకంటే ఆ మందు ఇతర కైనేజ్ ఎంజైమ్‌లనూ తాకుతుంది.

అభ్యాసం: రక్తం ఆపిన గుండెకణంలో కింది పట్టీ 3, మందు వేస్తే 5, మామూలు కణంలో 1, మందు వేస్తే 3. సంచిలోకి సరుకును చేర్చి తానూ జీర్ణమైపోయే పీ62 ప్రోటీన్ రెట్టింపైంది, దాని ఆర్‌ఎన్‌ఏ కూడా రెట్టింపైంది. ప్రవాహం పెరిగిందా, తగ్గిందా, మారలేదా? పీ62ను ఎంతవరకు నమ్మాలి? మీ తీర్పును తప్పని తేల్చగల ప్రయోగాన్ని ఎన్ని వరుసలు కావాలో లెక్కించి, ఒక్కో వరుసలో ఏముంటుందో రాసి, చేత్తో గీసి పంపండి. ‘పెరిగింది’ అని ఒక్క మాట రాసిన జవాబును ఈసారి తిప్పి పంపుతాను.