రాధాకృష్ణన్ గారి పటానికి పట్టిన చెమ్మ

విశాఖలో మా హాల్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పెద్ద పటం ఉంది. తెల్ల తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, కళ్లద్దాలు. ఆయన 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. తర్వాతెప్పుడో అక్కడే చదివిన మా నాన్నగారికి అదో గర్వం. (ఇంటికొచ్చినవాళ్లలో సగం మంది "మీ తాతగారా?" అనడం వేరే సంగతి.)

రెండు వానాకాలాలకే కోటు మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. తలపాగా దగ్గర కాగితం అద్దానికి అతుక్కుపోయింది. కాగితం నాసిదేమో అనుకున్నా. పటం దించి చూస్తే గోడే తడి! వాన నేరుగా కొట్టే బయటి గోడ అది.

అతుక్కున్నదాన్ని పీకలేదు, పీకితే తలపాగా ఊడొచ్చేది. అద్దం మీంచే స్కాన్ చేయించి, మచ్చలు తుడిపించి, కొత్త ప్రింటు తీయించా. చుట్టూ రెండంగుళాల మౌంటు బోర్డు పెట్టిస్తే కాగితానికీ అద్దానికీ మధ్య ఖాళీ వచ్చింది. వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటించి, లోపలి గోడకి మార్చా. అక్కడ ట్యూబ్‌లైటు మెరుపు ముఖం మీదే పడింది. తీగ కాస్త వదులు చేసి పటాన్ని ముందుకు వంచితే పోయింది.

కిందటి వానలకి ఒక్క మచ్చ లేదు. దండ పట్టుకొచ్చే అత్తయ్యని మాత్రం ఇంకా ఆపుతూనే ఉన్నాం.