కోబాల్ నేర్చుకోవాలా? ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలి

మీ కంపెనీ మిమ్మల్ని మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్) ప్రాజెక్టులో వేస్తే దాని మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష కోబాల్‌ను గట్టిగా పట్టండి. ఇంకా ఉద్యోగం రాని ఫ్రెషర్ అయితే మాత్రం దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. భాష చిన్నదే, నేర్చుకోవడం తేలిక. జీతం తెచ్చేది దాని చుట్టూ ఉన్న జేసీఎల్ (జాబ్‌లను నడిపించే ఆదేశాల భాష), వీసామ్ (ఫైళ్లు దాచే పద్ధతి), డీబీ2 (డేటాబేస్), సీఐసీఎస్ (ఆన్‌లైన్ లావాదేవీలు నడిపేది). ఇవి నిజమైన ప్రాజెక్టులో, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదువుతూంటేనే ఒంటబడతాయి.

1959లో మొదలైన భాషను బ్యాంకులు, బీమా కంపెనీలు ఇంకా వదలకపోవడానికి గట్టి కారణమే ఉంది. దశాంశాల లెక్క దానికి పుట్టుకతో వచ్చింది. పైథాన్‌లో మామూలుగా 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కోబాల్ ప్యాక్‌డ్ డెసిమల్ (ప్రతి దశాంశ అంకెనూ విడిగా దాచే పద్ధతి) ఫీల్డులో సరిగ్గా 0.3 వస్తుంది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడిగారు. అలాంటి వార్త చూసి కోర్సులో చేరొద్దు. ఆ సమయంలో కావలసింది అనుభవం ఉన్న చేతులు.

మొదట ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు. గ్నూకోబాల్ అనే కంపైలర్ ఉచితం, ఉబుంటులో ప్యాకేజీగా దొరుకుతుంది. రోజుకో గంట చొప్పున రెండు మూడు వారాలు కూర్చుంటే ఫైలు చదవడం, లెక్క కట్టడం, రిపోర్టు రాయడం వచ్చేస్తాయి. పాత ఫిక్స్‌డ్ ఫార్మాట్‌లోనే రాయండి, ఆఫీసులో కనిపించేది ఎక్కువగా అదే. ఏడో కాలమ్‌లో నక్షత్రం పెడితే ఆ లైను కామెంట్. 8 నుంచి 11 వరకు ఏరియా ఏ, పేరాగ్రాఫ్ పేర్లు అక్కడ మొదలవ్వాలి. స్టేట్‌మెంట్లు 12 నుంచి 72 లోపు ఉండాలి. 72 దాటినదాన్ని కంపైలర్ పట్టించుకోదు. చివరి ఫుల్‌స్టాప్ 73లో పడిందనుకోండి, ఇఫ్ ముగియదు, కింది స్టేట్‌మెంట్ కూడా ఇఫ్‌లో కలిసిపోతుంది. అందుకే ప్రతి ఇఫ్‌కీ ఎండ్-ఇఫ్ రాయండి. మూడంకెల ఫీల్డులోకి 1234 మూవ్ చేస్తే చడీచప్పుడు లేకుండా 234 మిగులుతుంది. రన్‌లో ఎర్రర్ రాదు.

తర్వాత అసలు జడ్‌ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీదికి వెళ్లాలి. ఐబీఎం జడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా లాగిన్ ఇస్తారు, వీఎస్ కోడ్ నుంచే జాబ్ సబ్మిట్ చేయొచ్చు. కొత్తవాళ్లు జేసీఎల్‌లో కాండ్ పారామీటర్ దగ్గర బోల్తా పడతారు. అక్కడ షరతు నిజమైతే స్టెప్పు (జాబ్‌లో ఒక దశ) నడవదు. 4, ఎల్‌టీ అని రాస్తే, ముందు స్టెప్పు రిటర్న్ కోడ్ (అది ఎలా ముగిసిందో చెప్పే సంఖ్య) 4 కంటే ఎక్కువైనప్పుడు ఈ స్టెప్పును వదిలేయమని అర్థం. సార్ట్ ఫలితం కూడా ఇంట్లో వచ్చినట్టు రాదు. ల్యాప్‌టాప్‌లో ఆస్కీ అనే అక్షర సంకేతాల ప్రకారం అంకెలు అక్షరాలకు ముందొస్తాయి, మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్‌సిడిక్ సంకేతాల్లో అక్షరాల తర్వాత వస్తాయి.

ఇక ప్రొడక్షన్ సపోర్ట్‌లో రాత్రిపూట ఫోన్ మోగించే అబెండ్ (ప్రోగ్రామ్ మధ్యలో పడిపోవడం) సాక్ సెవెన్, అంటే S0C7: అంకెలు ఉండాల్సిన చోట చెల్లని డేటా దొరకడం. దీన్ని లోతుగా అర్థం చేసుకుంటే సగం పని వచ్చినట్టే. పిక్ ఎస్9(7)వీ99 కాంప్-3 అనే ఫీల్డు తీసుకోండి, అంటే గుర్తుతో, దశాంశ బిందువుకు ముందు ఏడు, తర్వాత రెండు అంకెలున్న ప్యాక్‌డ్ డెసిమల్. తొమ్మిది అంకెలు, ఒక గుర్తు కలిపి పది అరబైట్లు, అంటే 5 బైట్లు. ఆఖరి అరబైట్‌లో సి ఉంటే ప్లస్, డి ఉంటే మైనస్. ఆ ఫీల్డు నిండా ఖాళీలు (స్పేస్‌లు) ఉంటే ఎబ్‌సిడిక్‌లో ప్రతి బైటూ హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు)లో 40, కాబట్టి ఆఖరి అరబైట్ 0 అవుతుంది. అది ఏ గుర్తూ కాదు. దాంతో కూడబోయిన క్షణంలోనే ప్రోగ్రామ్ పడిపోతుంది. కారణాలు తరచూ మూడే: గ్రూప్ (కొన్ని ఫీల్డుల సముదాయం) మొత్తానికి స్పేసెస్ మూవ్ చేయడం, ఫైలు లేఅవుట్ మారినా పాత కాపీబుక్‌తో (రికార్డు లేఅవుట్ రాసిపెట్టిన కోడ్) కంపైల్ చేయడం, హెడర్ రికార్డును డీటెయిల్ రికార్డుగా చదవడం. డంప్ (పడిపోయినప్పటి మెమరీ నకలు)లో ఆఫ్‌సెట్ (ప్రోగ్రామ్‌లో పడిపోయిన చోటు) తీసుకుని కంపైల్ లిస్టింగ్‌లో ఆ లైను పట్టుకోండి. ఆ తర్వాత ఇన్‌పుట్ రికార్డును హెక్స్‌లో తెరవండి. జాబ్ మళ్లీ నడవాలని ఆ రికార్డును తీసేయడం తప్పు. అందులో ఒక మనిషి డబ్బు లెక్క ఉంటుంది.

మెయిన్‌ఫ్రేమ్ మీదే ఆగిపోకూడదు. జావా, ఎస్‌క్యూఎల్, గిట్ పక్కనే పెట్టుకోండి. కోబాల్‌ను జావాలోకి మార్చే ప్రాజెక్టుల్లో రెండూ చదవగలిగినవాళ్లకే విలువ. ఉదాహరణకు, కోబాల్‌లో కంప్యూట్‌కు రౌండెడ్ అని రాయకపోతే 12.347 కాస్తా రెండు దశాంశాల ఫీల్డులో 12.34 అవుతుంది. జావాలో అలవాటుగా హాఫ్ అప్ (సగం, ఆపై ఉంటే పైకి సవరించే పద్ధతి) పెడితే 12.35 వస్తుంది. ఒక్క పైసా తేడా లక్షల ఖాతాల్లో పడితే రీకన్సిలియేషన్ (రెండు వైపుల లెక్కలు సరిపోల్చడం) నిలబడదు. కొత్త కోడ్‌లో రౌండింగ్ మోడ్ డౌన్ పెట్టాలని చెప్పగలిగేది పాత కోడ్ చదివినవాళ్లే.

అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో డబ్బు కట్టి చేరేముందు మూడు విషయాలు అడగండి. జడ్‌ఓఎస్ లాగిన్ మీ చేతికే ఇస్తారా? డీబీ2, సీఐసీఎస్ ప్రోగ్రామ్‌లు మీతోనే రన్ చేయిస్తారా? పడిపోయిన జాబ్ ఇచ్చి సరిచేయమంటారా? మూడింటిలో ఏ ఒక్కదానికి లేదన్నా కట్టకండి. స్లైడ్ల మీద చూసిన అబెండ్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాకా కూడా నిలబడదు.