భార్యాభర్తల వయసు తేడా, ఆమె తృప్తి: ఊళ్లో సర్వే చేసేవారికి

భర్త పదేళ్లు పెద్దవాడైతే భార్య బతుకులో తృప్తి తగ్గుతుందా? చూడటానికి చిన్న ప్రశ్న. అరవై మందిని అడిగి, రెండు సగటులు తీసి, తేడా ఉందని రాసేస్తే ప్రాజెక్టు రిపోర్టు తయారైపోతుంది. కానీ ఆ తేడా వయసు వల్ల వచ్చిందా, వయసు తేడా వెంటబెట్టుకొచ్చిన మరో దానివల్ల వచ్చిందా అన్నది ఆ రిపోర్టు చెప్పలేదు. మన దగ్గర పెద్ద తేడా ఒంటరిగా రాదు. చిన్నతనంలోనే పెళ్లి, మేనమామకు ఇవ్వడం, రెండో సంబంధం, కట్నం ఇచ్చుకోలేని పుట్టిల్లు, వీటిలో ఏదో ఒకటి తరచూ దానితో కలిసే ఉంటుంది. సర్వే అంతా వీటిని విడదీయడానికే అనుకుని మొదలుపెట్టండి.

ఎవరిని, ఎంతమందిని

భర్తతో కాపురం చేస్తున్నవారిని మాత్రమే తీసుకుంటే మొదటి అడుగులోనే తప్పు పడుతుంది. భర్త పదిహేనేళ్లు పెద్దయిన ఇళ్లలో ఆయన ముందుగా పోయే అవకాశం ఎక్కువ. పోయాక ఆమె మీ జాబితాలో ఉండదు. కాపురం చెడి పుట్టింటికి వచ్చేసినవారూ ఉండరు. ఇక మిగిలేవి నిలబడిన కాపురాలే, వాటిలో తృప్తి బాగానే కనబడుతుంది. అందుకని వితంతువులనూ, భర్త వదిలేసినవారినీ నమోదు చేయండి. భర్త బతికి ఉంటే ఇప్పుడు ఎంత వయసుండేదో, పెళ్లి ఏ ఏడు జరిగిందో అడిగి వేరే గుంపుగా ఉంచండి.

తృప్తి మార్కుల (కింద చెప్పబోయే 5–35 కొలమానం) ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరాయో చెప్పే అంకె, 6 అనుకుందాం. రెండు గుంపుల మధ్య 3 మార్కుల తేడాను పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. ఒకటిన్నర మార్కు తేడాను పట్టుకోవాలంటే గుంపుకు 250 దాటాలి. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలన్నమాట. పైగా ఒకే ఊరివాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఊరికి 20 మంది చొప్పున తీసుకుంటే, ఊరిలోపలి పోలిక (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు) 0.05 ఉన్నా సరే, 1 + 19 × 0.05 = 1.95. అంటే పై లెక్క దాదాపు రెట్టింపు చేసుకోవాలి. పది ఊళ్లలో ఇరవై మందిని అడగడం కంటే ఇరవై ఊళ్లలో పదిమందిని అడగడం మేలు, బస్సు ఛార్జీలు పెరిగినా.

పదేళ్లు పైబడిన తేడా ఉన్న జంటలు ఊరికి కొద్దిమందే ఉంటారు. ముందు ఇల్లిల్లూ తిరిగి భార్య వయసు, భర్త వయసు రాసుకునే చిన్న జాబితా చేయండి. ఆ జాబితా నుంచి ఆ గుంపువారిని ఎక్కువ నిష్పత్తిలో ఎంచుకోండి. మొత్తం ఊరి సగటు చెప్పేటప్పుడు మాత్రం ఆ నిష్పత్తికి తగ్గట్టు బరువు తగ్గించాలి.

వయసు రాబట్టడం

ఎక్కువ సర్వేలు ఇక్కడే చెడతాయి. "మీ వయసెంత?" అంటే "ముప్ఫై ఉంటాయి", "ఆయనకు నలభై" అంటారు. ఇద్దరి వయసులూ 0, 5 దగ్గర పోగుపడితే తేడాలు కూడా 5, 10 దగ్గరే గుట్ట పడతాయి. అసలు తేడా ఏడో, పన్నెండో అయి ఉండొచ్చు. ఈ పోగును కొలవడానికి విపుల్ (Whipple) సూచిక ఉంది. 23 నుంచి 62 వరకు ఉన్న వయసుల్లో 0, 5తో ముగిసేవి ఎన్నో లెక్కపెట్టి, 5తో గుణించి, ఆ వయసులవారి మొత్తం సంఖ్యతో భాగించి, 100తో గుణించాలి. 100 వస్తే పోగు లేదు, 500 వస్తే అందరూ 0, 5లే చెప్పారని. భార్యలకూ భర్తలకూ విడివిడిగా తీయండి. భర్తల సూచిక బాగా ఎక్కువగా ఉంటే, వాళ్ల వయసులు చెప్పింది భార్యలే కదా, ఆ వయసులు అంచనాలన్నట్టే.

ఆధార్ కార్డు చూపించమంటే పని తేలికవుతుంది అనుకోకండి. జనవరి 1 అని ఉంటే చాలాసార్లు అది ఏడు మాత్రమే చెప్పి రాయించిన తేదీ. బడి సర్టిఫికెట్‌లో ఉన్నది చేర్చేరోజు పంతులుగారు సర్దుబాటు చేసి వేసిన తేదీ కావచ్చు. కార్డు చూడండి, కానీ దాన్ని ఒక సాక్ష్యంగానే తీసుకోండి.

వయసు సరిచూసుకోవడానికి పుష్కరాలంత మంచి కొలబద్ద మనకు ఇంకోటి లేదు. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లో. "పుష్కరాలప్పటికి మీ పెళ్లయిందా? పెద్దబ్బాయి చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా?" అంటే గుర్తొస్తుంది. దివిసీమ చుట్టుపక్కల 1977 నవంబరు ఉప్పెన, కోనసీమలో 1996 నవంబరు తుఫాను, ఎక్కడైనా 1983లో ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి కావడం, 2014లో రాష్ట్రం విడిపోవడం పనికొస్తాయి. మీరు వెళ్లే మండలానికి తగ్గట్టు పది సంఘటనలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

పెళ్లినాటి వయసును సూటిగా అడిగితే "పద్దెనిమిది" అంటారు, చట్టం ఆ అంకెను అందరికీ నేర్పింది. అందుకే "సమర్తయిన ఎన్నేళ్లకు పెళ్లి చేశారు? అప్పటికి ఏ తరగతి? మొదటి కాన్పు పెళ్లయిన ఎన్నాళ్లకు?" అని చుట్టూ తిరిగి రండి. చివరగా, "మీ ఇద్దరికీ ఎన్నేళ్లు తేడా అంటారు?" అని విడిగా అడగండి. ఆమె చెప్పిన తేడా, వయసుల నుంచి మీరు తీసిన తేడా రెండేళ్లకు మించి విడిపోతే ఆ ఫారం పక్కన పెట్టి మళ్లీ వెళ్లాలి.

భర్త వయసులోంచి భార్య వయసు తీసేసి, వచ్చిన అంకెను గుర్తుతో సహా రాయండి. భార్య పెద్దదైతే మైనస్ వస్తుంది. గుర్తు తీసేస్తే రెండు భిన్నమైన పెళ్లిళ్లు ఒకే గడిలో పడతాయి. ఏళ్లలోనే భద్రపరచి, పట్టికల కోసం మాత్రం భార్య పెద్ద, 0–2, 3–5, 6–9, 10 ఆపైన అని గుంపులు చేసుకోండి.

తృప్తిని అడగడం

రెండు కొలతలు చాలు. ఒకటి, డీనర్ బృందం 1985లో ప్రచురించిన జీవిత తృప్తి కొలమానం. ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 7 (పూర్తిగా ఒప్పుకుంటాను), మొత్తం 5 నుంచి 35, మధ్య గీత 20. రెండోది క్యాంట్రిల్ నిచ్చెన. 0 నుంచి 10 మెట్లున్న బొమ్మ చూపించి, అడుగున ఊహించగలిగిన అతి చెడ్డ బతుకు, పైన అతి మంచి బతుకు అని చెప్పి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో వేలుతో చూపించమనాలి. చదువురాని పెద్దావిడలతో నిచ్చెనే బాగా పనిచేస్తుంది. ఏడు మెట్ల ఒప్పుకోలు పెద్దగా తేడా తెలియక అన్నిటికీ "ఆ" అనేయడం మామూలే.

తెలుగులోకి మార్చేటప్పుడు "సంతృప్తి" పుస్తకాల మాట, "తృప్తి" వాడండి. కానీ ఆ మాటకూ ఓ చిక్కుంది. మనకు తృప్తి ఒక గుణం. ఉన్నదానితో తృప్తిపడటం మంచి ఇల్లాలి లక్షణం అని చెప్పి పెంచుతారు. "తృప్తిగా ఉన్నారా?" అంటే "మీరు మంచివారేనా?" అని అడిగినట్టు వినబడొచ్చు. "ఉన్నాం లెండి", "సర్దుకుపోవాలి కదా" అన్న జవాబును 6 అని రాయాలా, 3 అని రాయాలా? మీరు నిర్ణయించకండి. మాటను మాటగా పక్కన రాసి, నిచ్చెన బొమ్మ మళ్లీ చూపించండి. ఐదో వాక్యం, మళ్లీ బతికే వీలుంటే ఏమీ మార్చుకోననే భావం ఉన్నది, వచ్చే జన్మ గురించి అడిగినట్టు వినబడుతుంది. "మీ బతుకు మొదటి నుంచి మళ్లీ మొదలైతే" అని విడమరచి చెప్పాలి. తెలుగు చేసిన వాక్యాలను ఇంగ్లీషు మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి పెట్టించి పోల్చండి. 20 మందిపై ముందుగా పరీక్షించి, ఐదు వాక్యాల పొంతన, అంటే క్రోన్‌బాక్ ఆల్ఫా, 0.7కు తగ్గితే ఏ వాక్యం మిగతావాటితో నడవడం లేదో చూసి దాని మాటలు మార్చండి.

బతుకు మీద తృప్తి వేరు, కాపురం మీద తృప్తి వేరు. కొడుకులు స్థిరపడ్డ ఆవిడ మొదటిదానికి 8 ఇచ్చి రెండోదానికి 4 ఇవ్వొచ్చు. మొత్తం బతుకు ప్రశ్న ఎప్పుడూ ముందుండాలి. భర్త గురించి పది ప్రశ్నలడిగాక అడిగితే, ఆమె చెప్పేది భర్త గురించే అవుతుంది.

పక్కన ఎవరున్నారు

అత్తగారు గడపలో కూర్చుంటే నిచ్చెన పైమెట్టే జవాబు. ఇద్దరుగా వెళ్లండి, ఒకరు అత్తగారితో భూమి, పశువుల ప్రశ్నలతో ఇంకో ఫారం నింపుతూ ఉండాలి. మగవాళ్లు పనికి వెళ్లాక, వంట అయ్యాక, పదకొండు నుంచి రెండు వరకు అనువైన వేళ, నాట్ల రోజుల్లో మాత్రం ఎవరూ దొరకరు. అయినా పక్కన ఎవరైనా ఉంటే "ఎవరు ఉన్నారు" అన్న గడిలో తప్పక రాయండి, తరువాత ఆ ఫారాలను విడిగా చూడొచ్చు. అడిగేది ఆడవాళ్లే అయితే మంచిది. అక్కా, అమ్మా అని పిలుస్తూ "మీరు" అనే మాట్లాడాలి. ఆమె భర్త పేరు చెప్పకపోతే పట్టుబట్టకండి, సర్వేకు పేరుతో పనిలేదు. కొట్టడం, తిట్టడం గురించి శిక్షణ లేకుండా అడగకూడదు. ఆమే ఎత్తితే విని, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు నోటితో చెప్పండి. కాగితం ఇంట్లో దొరికితే ప్రమాదం.

తోడు ప్రశ్నలు

పెళ్లికి ముందు భర్త ఏమవుతాడో సూటిగా అడగాలి. "మా మావ" అన్నంత మాత్రాన మేనమామ అనుకోవద్దు, చాలా ఊళ్లలో భర్తను అలాగే పిలుస్తారు. మేనమామా, మేనమామ కొడుకా, మేనత్త కొడుకా, పరాయి సంబంధమా అని నాలుగు గడులు పెట్టండి. మేనమామ అంటే తల్లి తోడబుట్టినవాడు, ఒక తరం పైవాడు. తేడా సహజంగానే పెరుగుతుంది, కానీ అత్తగారు సొంత అమ్మమ్మే. తేడా చేసే కీడు ఉంటే దాన్ని ఆ పరిచయం కప్పేయొచ్చు. బావతో పెళ్లిలో అంత తేడా ఉండాల్సిన పని లేదు. ఇవన్నీ "మేనరికం" అన్న ఒకే గడిలో వేస్తే ఏదీ తేలదు. ఆయనకు రెండో పెళ్లా, పెళ్లికి ముందు ఆమె మాట అడిగారా, ఇద్దరి చదువు, ఆమె సొంత సంపాదన, డ్వాక్రా సంఘం, భర్త ఆరోగ్యం, ఆయన గల్ఫ్‌లో ఉన్నాడా, వేరు కాపురమా, ఇవీ కావాలి.

లెక్క కట్టడం

ఒక ఊహ చూడండి. పదేళ్లు పైబడిన గుంపులో 100కు 60 మందికి 18 లోపు పెళ్లయింది, 3–5 గుంపులో 20 మందికే. రెండు గుంపుల్లోనూ చిన్నప్పుడు పెళ్లయినవారి సగటు 20, తర్వాత అయినవారి సగటు 24 అనుకుందాం. మొత్తం సగటులు 21.6, 23.2 వస్తాయి. 1.6 తేడా కనబడింది, కానీ వయసు తేడా చేసింది సున్నా. ఇది వట్టి ఊహల లెక్క కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అందుకే ఏ పట్టికైనా పెళ్లినాటి వయసును 18 లోపు, 18–20, 21 ఆపైన అని విడగొట్టాకే చూడండి.

రిగ్రెషన్‌లో, అంటే ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసి చూపే లెక్కలో, భార్య వయసు, భర్త వయసు, తేడా మూడూ వేస్తే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని తీసేస్తుంది, రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే కదా. భార్య వయసు, తేడా ఉంచండి. పెళ్లినాటి వయసు, ఇప్పటి వయసు, కాపురం ఏళ్ల మధ్య కూడా ఇదే ముడి ఉంది. తేడాను సరళరేఖగా కాక గుంపులుగా వేస్తే వంపు కనబడుతుంది.

తేడా ప్రభావం అన్ని ఏళ్లలో ఒకేలా ఉంటుందనుకోవద్దు. ఆస్ట్రేలియాలో ఏటా అవే కుటుంబాలను అడిగే హిల్డా సర్వే ఆధారంగా లీ, మెకినిష్ 2018లో ప్రచురించిన పరిశోధనలో, తమకంటే చిన్నవాళ్లను చేసుకున్నవారు, ఆడైనా మగైనా, మొదట్లో కాపురం పట్ల ఎక్కువ తృప్తి చెప్పారు. ఆ అదనపు తృప్తి 6 నుంచి 10 ఏళ్లలో కరిగిపోయింది. డబ్బు దెబ్బ తగిలినప్పుడు ఎక్కువ తేడా ఉన్న జంటలే ఎక్కువ కుంగాయి. అది అక్కడి పెళ్లిళ్ల సంగతి, మన ఊరికి అతికించకండి. కానీ అందులోంచి రెండు ప్రశ్నలు తెచ్చుకోవచ్చు, కాపురం ఎన్నేళ్లది, గత రెండేళ్లలో పంట పోవడమో, అప్పు, జబ్బు, ఉద్యోగం ఊడటమో జరిగిందా అని. ఒక్కసారి చేసిన సర్వేలో ఇరవై ఏళ్ల కాపురాలు వేరే తరానివి, కాబట్టి "ఏళ్లు గడిచేకొద్దీ తగ్గింది" అని రాయలేరు.

సొంత సర్వేకు డబ్బు లేకపోతే లాసీ (LASI, మన దేశంలో వయసు మళ్లుతున్నవారిపై జరిగే పెద్ద సర్వే) ఉంది. ముంబై జనాభా శాస్త్రాల సంస్థ 2017–18లో మొదటి విడత చేసిన సర్వేలో 45 దాటినవారినీ, వారి జీవిత భాగస్వాములనూ విడివిడిగా అడిగారు, ఐదు వాక్యాల కొలమానమూ ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త వయసు దొరుకుతుంది కానీ తృప్తి ప్రశ్న లేదు.

రిపోర్టులో ఊరి పేరుతో పట్టిక వేసేటప్పుడు ఐదుగురి కంటే తక్కువున్న గడిని పక్క గడిలో కలిపేయండి. ఇరవై ఏళ్ల తేడా ఉన్న జంట ఊళ్లో ఒక్కటే ఉంటే, పేరు రాయకపోయినా ఆ 9 మార్కులు ఎవరివో చెరువుగట్టు మీద కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది.